తొట్టి మీద చెక్క

పొద్దున్నే షెడ్డు తలుపు తీయగానే ఆమె చేసే మొదటి పని చచ్చిన కోళ్ళని ఏరడం. వినేవాళ్ళు ముఖం చిట్లించుకుంటారు కానీ, కోళ్ళ ఫారం ఉన్న ఇంట్లో అది వాకిలి ఊడ్చుకోవడం లాంటి పనే. అన్నేసి కోళ్ళున్న చోట రోజూ ఒకటో రెండో పోతూనే ఉంటాయి. ఒకటి గుంపులో నలిగి పోతుంది, ఇంకోటి ఎందుకు పోయిందో దానికే తెలియదు. వాటిని బకెట్లో వేసుకుని వెనకాల గుంటలో పూడ్చి, సున్నం చల్లి, కింద పరిచిన పొట్టు తిరగేసి, మేత పోసి, నీళ్ళ గొట్టాలు కారుతున్నాయేమో చూసి, గుడ్లేరి, పగిలినవి వంటింటికీ మంచివి ట్రేలకీ వేరుచేసి, అప్పుడు ఇంట్లోకొచ్చి కాఫీ పెట్టేది. ఆ కాఫీ తాగుతూ ఆమె భర్త ఫోనులో గుడ్ల ధర కనుక్కునేవాడు. ధర కనుక్కోవడాన్నే ఆ ఇంట్లో ఫారం నడపడం అంటారు. గుడ్లు బాగా వచ్చిన రోజున అది ఆయన ఫారం. నాలుగు కోళ్ళు ఎక్కువ చచ్చిన రోజున అది ఆమె నిర్వాకం.

పని కంటే ఆమెకి కష్టం వాసన. ఎంత సబ్బు రుద్దుకున్నా జుట్టు కుదుళ్ళలోనూ గోళ్ళ సందుల్లోనూ ఫారం మిగిలే ఉండేది. బస్సులో పక్కసీటు ఖాళీగా ఉన్నా మనుషులు నిలబడే ప్రయాణం చేసేవాళ్ళు. బడిలో తల్లిదండ్రుల్ని రమ్మన్న రోజున కూతురు గుమ్మం పట్టుకుని నిలబడి, నాన్నని పంపమ్మా అంది. ఎందుకని ఆమె అడగలేదు, పిల్లా చెప్పలేదు. ఎవరి సిగ్గు వాళ్ళు దిగమింగుకున్నారు. భర్తకి మాత్రం అలాంటి మొహమాటాలేవీ లేవు. చుట్టాలొస్తే, మా ఆవిడ ఎక్కడుందో వెతకక్కర్లేదండీ, గాలి ఎటు వీస్తోందో చూసుకుంటే చాలు అని నవ్వించేవాడు. అందరితో పాటు ఆమె కూడా నవ్వేది. నవ్వకపోతే సరసం తెలియని మనిషి అన్న పేరొకటి అదనంగా వస్తుంది. తన ఒంటికి పట్టిన వాసన ఆయన తినే అన్నం వాసనే కదా అని ఒకటి రెండుసార్లు అనిపించింది కానీ, అనిపించినవన్నీ అనేస్తే సంసారాలు సాగుతాయా అని ఊరుకుంది. ఊరుకోవడంలో ఆమెని మించినవాళ్ళు లేరు.

రోడ్డుకి అవతల ఇంకో ఫారం ఉంది. దాన్ని ఒంటిచేత్తో నడిపే ఆవిడ ఎండైనా వానైనా నెత్తిన గుడ్డటోపీ తీయదు కాబట్టి అందరూ టోపీ అక్క అంటారు. వెనకాల గయ్యాళి అంటారు. గేటు దగ్గరే సబ్బునీళ్ళ డబ్బా, బ్రష్షు పెట్టుకుని కూర్చుంటుంది. వచ్చినవాడు మేత తెచ్చినవాడైనా సరే, మేనమామైనా సరే, బూట్ల అడుగులు తోముకోనిదే లోపలికి రానివ్వదు. సొంత తమ్ముడు ఒకసారి, నేను పరాయివాణ్ణా అక్కా అని అలిగి, గేటు దగ్గర్నుంచే తిరిగి వెళ్ళిపోయాడట. అత్తగారు ఆ కథ ఎన్నిసార్లు చెప్పినా కొత్తగానే బుగ్గలు నొక్కుకునేది. తమ్ముడి కంటే కోళ్ళు ఎక్కువయ్యాయి దానికి అనేది. ఆ వెంటనే కోడలి వైపు చూపించి, మాది మాత్రం బంగారం, నోట్లో నాలుక లేదు అనేది. ఆ మాట ఆమెకి బాగుండేది. ఇన్నేళ్ళ కాపురంలో ఆ ఇంట్లో ఆమెకి దక్కిన మెప్పు అదొక్కటే. దక్కినదాన్ని చెడగొట్టుకోకూడదని ఆమె జాగ్రత్త.

భర్తకి అన్న, అంటే ఆమెకి బావగారు, వ్యాపారి. గుడ్లు పెట్టడం మానేసిన ముసలికోళ్ళని ఫారాల్లో కొని, తన వ్యానులో మార్కెట్టుకి చేరుస్తాడు. ఈమధ్య బాతుల బేరం కూడా మొదలుపెట్టాడు. ఆయనకి తెల్లబూట్లంటే ప్రాణం. రోజంతా కోళ్ళ మధ్య తిరిగే మనిషికి తెల్లబూట్లేమిటని ఎవరూ అడగరు, ఆయన ఇంటికి పెద్దవాడు. ఆమె ఆయన ఎదురుగా నిలబడి ఎప్పుడూ మాట్లాడి ఎరగదు. మంచినీళ్ళిచ్చేటప్పుడు కూడా గ్లాసు బల్ల మీద పెట్టి పక్కకి తప్పుకునేది.

ఒకరోజు ఆయన ముసలికోళ్ళని ఎత్తుకెళ్ళడానికి వస్తున్నానని ఫోను చేశాడు. షెడ్డు గుమ్మంలో, గుమ్మమంత వెడల్పున, చీలమండ లోతున సిమెంటు తొట్టి ఒకటి ఉంది. అందులో మందునీళ్ళు పోసి ఉంచుతారు. లోపలికి వెళ్ళేవాళ్ళు ఎవరైనా అందులో కాళ్ళు ముంచి వెళ్ళాలి. భర్త ఎక్కడో శిక్షణకి వెళ్ళొచ్చి కట్టించిన తొట్టి అది. కట్టించడం వరకూ ఆయన వంతు. రోజూ ఆ మురికినీళ్ళు తోడి, కడిగి, కొత్తగా మందు కలపడం ఆమె వంతు. ఆ రోజు కూడా నీళ్ళు మార్చి లేచి నిలబడేసరికి భర్త వచ్చి, అన్నయ్య బూట్లు తడుస్తాయి, దాని మీద ఏదైనా అడ్డం వెయ్యమన్నాడు. మందునీళ్ళలో ముంచితేనే కదండీ అని ఆమె నసిగింది.

"అన్నయ్యేమన్నా బయటివాడా?" అన్నాడు ఆయన.

ఆమె వెనక కొట్లోంచి వెడల్పాటి చెక్క తెచ్చి తొట్టి మీద ఈ గట్టు నుంచి ఆ గట్టుకి వేసింది. ఊరికే వేయలేదు. దాని మీద దుమ్ముంటే తెల్లబూట్లకి అంటుతుందని తడిగుడ్డతో తుడిచి మరీ వేసింది. బావగారు చెక్క మీంచి దర్జాగా నడిచి లోపలికి వెళుతూ, మా మరదలికి మర్యాద తెలుసు అన్నాడు. వెనకాలే కూలివాళ్ళు కోళ్ళ బోనులు ఒకదాని మీద ఒకటి మోసుకొచ్చి పొట్టు మీద దింపారు. బోనుల మూలల్లో పచ్చగా, తెల్లగా రెట్ట ఇంకా తడిగానే ఉండటం ఆమె చూసింది. అది కోడిరెట్ట కాదని కోళ్ళ మధ్య బతికేవాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. ఇవి కడగలేదా బావగారూ అన్న మాట గొంతు దాకా వచ్చింది. పెద్దాయన్ని పట్టుకుని, మీవి మురికిగా ఉన్నాయని ఏ నోటితో అంటుంది. వాసన గురించి మాట్లాడే అర్హత తనకెక్కడిదని కూడా అనిపించి ఉంటుంది. ఆయన ఆ చివర నుంచి ఈ చివర దాకా తిరిగి, కోళ్ళని పట్టి బరువు చూసి, కావలసినవి ఎత్తించుకుని, కాఫీ తాగి వెళ్ళిపోయాడు. ఆమె చెక్క తీసి మళ్ళీ కొట్లో పెట్టింది.

కొన్నాళ్ళకి గుడ్లు తగ్గాయి. వచ్చినవాటిలో కొన్నిటికి పెంకు లేదు, వేలు పెడితే లోపలికి దిగిపోయేంత మెత్తన. తరవాత ఒక ఉదయం షెడ్డు తలుపు తీస్తే లోపల చప్పుడు లేదు. కోళ్ళు చావలేదు, అక్కడే ఉన్నాయి. మేత డబ్బా కనబడగానే మీదపడి కాళ్ళు పొడిచే ఆ కోళ్ళే తలలు దించుకుని ఎక్కడివక్కడ నిలబడి ఉన్నాయి. జుట్లు ఎర్రదనం పోయి నేరేడుపండు రంగుకి తిరిగాయి. ముఖాలు ఉబ్బి కళ్ళు పూడుకుపోయాయి. కాళ్ళ మీద చర్మం కింద ఎర్రటి చారలు. సాయంత్రానికి బకెట్టు చాలలేదు, మర్నాడు తోపుడుబండి చాలలేదు. భర్త గుమ్మంలోనే నిలబడి ఎండదెబ్బ అన్నాడు. పశువుల డాక్టరుకి చెబుదామని ఆమె అంటే, బయటికి పొక్కిందంటే మన గుడ్డు ముట్టుకునేవాడుండడు, నోరు మూసుకుని పూడ్చు అన్నాడు. ఆమె పూడ్చింది. ముక్కుకి పాత చున్నీ చుట్టుకుని, వట్టి చేతులతో ఎత్తి, గుంటలు చాలకపోతే కొత్తవి తవ్వి పూడ్చింది.

ఆ చేతుల సంగతి పట్టించుకున్నది టోపీ అక్క ఒక్కతే. రోడ్డు దాటి రాలేదు, రాకూడదని ఆవిడకి తెలుసు. రబ్బరు తొడుగుల ప్యాకెట్టు, ముక్కుకి కట్టుకునే మాస్కులు గేటు ఇవతలికి విసిరి, అవతల గట్టు మీద నిలబడి కేకేసింది.

"చేతులకి తొడుక్కోవే పిల్లా. అది కోళ్ళని చంపి ఊరుకునే రోగం కాదట, ఎత్తేవాళ్ళకీ అంటుకోవచ్చట. డాక్టరుకి నేను ఫోను చేశాను, తిట్టుకుంటే తిట్టుకోండి."

అత్తగారు నిజంగానే తిట్టుకుంది, కొంప మీదికి తెచ్చిపెట్టింది గయ్యాళి ముండ అని. ఆమె మాత్రం తొడుగులు వేసుకుంటూ ఏడ్చింది. ఎందుకేడుస్తున్నావని అడిగినవాళ్ళు లేరు కాబట్టి ఎందుకో చెప్పుకోవలసిన అవసరం రాలేదు.

డాక్టరమ్మ వయసులో చిన్నదే. వచ్చి కోళ్ళ గొంతుల్లోంచీ కిందనుంచీ దూదిపుల్లలతో తుడిచి పరీక్షకి తీసుకెళ్ళింది. మర్నాడు మళ్ళీ వచ్చింది, ఈసారి తెల్ల ముసుగులు తొడుక్కున్న మనుషులతో. పక్షుల ఫ్లూ అని తేలింది, మిగిలిన కోళ్ళని కూడా చంపి పూడ్చాలి అంది. వరండాలో కుర్చీ వేస్తే కూర్చోకుండా నిలబడే చెప్పింది. బతికున్నవాటిని చంపడమేమిటని అత్తగారు అడిగితే, ఆవిడ విసుక్కోలేదు.

"ఈ వైరసుకి కాళ్ళూ లేవు, రెక్కలూ లేవు పెద్దమ్మా. ఎవరో ఒకరు మోసుకురావాల్సిందే. బాతులకీ, నీటిపిట్టలకీ ఇది ఉన్నా చాలాసార్లు ఏమీ కాదు, తింటాయి, తిరుగుతాయి. వాటి రెట్టలోంచి మాత్రం బయటికొస్తూనే ఉంటుంది. ఆ రెట్ట ఏ బూటుకో, బండి చక్రానికో, బోనుకో చిటికెడు అంటుకుంటే చాలు, ఒక షెడ్డు పోతుంది. ఒక కోడికి పట్టాక దాని ముక్కులోంచి, రెట్టలోంచి, అది మూతిపెట్టిన నీళ్ళలోంచి పక్కదానికి. ఊపిరితిత్తులతో ఆగదు, ఒళ్ళంతా పాకుతుంది. ఇవాళ బాగున్నట్టు కనబడే కోడి లోపల ఎల్లుండి చావు ఉంది."

వంటింటి గుమ్మంలో నిలబడి ఆమె వింటూ ఉంది. డాక్టరమ్మ చెప్పే ఒక్కొక్క మాటకీ ఆమె దగ్గర ఒక చూసిన దృశ్యం ఉంది. బోనులంటే ఆ మూలల్లోని తడి. బూట్లంటే ఆ తెల్లబూట్లు. తెచ్చినవాడికి తుమ్మైనా రాలేదు, ఆ బాతులూ ఆరోగ్యంగానే ఉండి ఉంటాయి. ఆ బూట్లకీ షెడ్డుకీ మధ్య, తన కోళ్ళకీ చావుకీ మధ్య చీలమండ లోతు మందునీళ్ళు ఉన్నాయి. వాటి మీద వంతెన కట్టింది తను. చెక్క తుడిచిన తడిగుడ్డ ఇంకా చేతిలోనే ఉన్నట్టు అనిపించి, అరచేతులు చీరకి రుద్దుకుంది. సిగ్గంటే ఏమిటో తనకి బాగా తెలుసనుకుంది ఇన్నాళ్ళూ. బస్సులో, బడిలో, చుట్టాల ముందు పడిందంతా సిగ్గే అనుకుంది. అది ఒంటి మీద ఉండేది, స్నానం చేస్తే కొంతైనా పోయేది. ఇది ఎక్కడుందో తెలియడం లేదు, ఎక్కడ కడుక్కోవాలో తెలియడం లేదు.

షెడ్డులోకి బయటివాళ్ళెవరైనా వచ్చారా అని డాక్టరమ్మ అడిగింది. భర్త తడుముకోలేదు. బయటివాళ్ళెవరూ రాలేదండీ అన్నాడు. ఆయన దృష్టిలో అది అబద్ధం కూడా కాదు. బాగా గుర్తు తెచ్చుకోండి, కారణం దొరక్కపోతే ఇంకెన్ని ఫారాలకి పాకుతుందో చెప్పలేం అని ఆవిడ అంటుండగా, ఆయన ఆలోచిస్తున్నట్టు లేచి వంటింట్లోకి వచ్చాడు. గొంతు తగ్గించి చెప్పాడు. అన్నయ్య పేరు బయటికొస్తే వ్యాను ఆపేస్తారు, ఆయన బజారున పడతాడు, మన ఇంటి పరువు పోతుంది. నువ్వు మొన్న మీ అమ్మ కంటి ఆపరేషనుకని వెళ్ళొచ్చావు కదా, వాళ్ళ పెరట్లో కోళ్ళున్నాయి కదా, ఆ మాట చెప్పు చాలు. ఆడదానివి, నిన్నెవరూ ఏమీ అనరు.

నిన్నెవరూ ఏమీ అనరు అన్న మనిషి ఇంకా గడప దాటకముందే అత్తగారు వరండాలోంచి అందుకుంది. అనుకుంటూనే ఉన్నానమ్మా, పుట్టింటికి వెళ్ళొచ్చినప్పటి నుంచే మొదలైంది అంది. పెళ్ళైన నాటి నుంచీ పుట్టింటి నుంచి ఏమీ తేలేదని సణిగిన మనిషి, కోడలు ఏదో తెచ్చిందని మొదటిసారి ఒప్పుకుంది. వేరే సందర్భంలో అయితే ఆమెకి నవ్వొచ్చేది. పుట్టింటి నుంచి వచ్చాక తలస్నానం చేసి, బట్టలు మార్చుకుని, తొట్టిలో కాళ్ళు ముంచి మరీ షెడ్డులోకి వెళ్ళిన సంగతి ఆమెకి తెలుసు. అయినా డాక్టరమ్మ తన వైపు తిరిగి, వెళ్ళారా అమ్మా అని అడిగితే తల ఊపింది. అలవాటైన మెడ, చెప్పకుండానే ఊగింది.

డాక్టరమ్మ ఊరి పేరు, ఇంటి గుర్తులు అడిగి తెలుసుకుంది. మనుషుల్ని ముందు అక్కడికే పంపిస్తాను, ఆ పెరటికోళ్ళని కూడా తీసేయాల్సి వస్తుంది, మీ అమ్మగారికి కాస్త నచ్చజెప్పండి అంది. ఆమెకి తల్లి కళ్ళకున్న నల్లద్దాలు, వాటిని పెట్టుకుని తడుముకుంటూ నూకలు చల్లే చెయ్యి గుర్తొచ్చాయి. చూపు సరిగ్గా లేని మనిషి చేతిలోంచి, ఏ పాపమూ ఎరగని నాలుగు కోళ్ళని ముసుగు మనుషులు లాక్కుంటారు. మా అమ్మాయే పంపిందట అని పదిమందికీ చెప్పుకుంటుంది ఆవిడ. చెప్పుకుని, దానికి ఎంత కష్టం వచ్చిందోనని మళ్ళీ కూతురి గురించే ఏడుస్తుంది.

అప్పుడే భర్త ఫోను మోగింది. వరండా చివరికి వెళ్ళి మాట్లాడాడు కానీ, ఊపిరి తేలికపడ్డ మనిషి గొంతు తగ్గించడం మర్చిపోతాడు. అంతా సర్దుకుందన్నయ్యా, నీ పేరే రాలేదు అన్నాడు. తరవాత, టోపీ అక్క దగ్గరా, ముసలికోళ్ళా, ఈ సాయంత్రమేనా అని అడిగాడు. బేరం కుదిరాక ఆలస్యమెందుకు, వెళ్ళి ఎత్తించు అన్నాడు.

ఆమె రోడ్డు వైపు చూసింది. అవతల గేటు దగ్గర టోపీ అక్క బూట్లు తోమే బ్రష్షు కడిగి ఎండలో పెడుతోంది. బావగారి బూట్లు తోమకుండా రానివ్వదు, అది నిజమే. చక్రాల మీద కూడా నీళ్ళు కొట్టిస్తుంది. కానీ ఆ బోనుల్లో ఏం ప్రయాణం చేసిందో ఆవిడకి ఎవరు చెబుతారు. కోళ్ళని ఎత్తాలంటే బోనులు షెడ్డులోకి వెళ్ళాల్సిందే. వెళితే, ఇంకో వారంలో అక్కడ కూడా చప్పుడు ఆగిపోతుంది. వట్టి చేతులు చూసి తొడుగులు విసిరిన మనిషి తోపుడుబండి తోసుకుంటూ గుంటల దగ్గరికి వెళుతుంది. రెక్కల కష్టం తప్ప వెనక ఇంకేమీ లేని మనిషి.

డాక్టరమ్మ మెట్లు దిగుతోంది. ఆమె వంటింటి గుమ్మం దాటి, వరండా దాటి, అత్తగారి కుర్చీని రాసుకుంటూ మెట్ల దాకా వచ్చింది. నోట్లో నాలుక ఉందో లేదో తెలుసుకునేంత వ్యవధి లేదు.

"మా అమ్మ దగ్గరికి పంపకండి డాక్టరుగారూ. ఆ కోళ్ళు బాగానే ఉన్నాయి. నేను అబద్ధం ఒప్పుకున్నాను. మా బావగారు వచ్చారు షెడ్డులోకి, ముసలికోళ్ళని ఎత్తడానికి. ఆ బోనుల్లో బాతులు తెచ్చారు, కడగలేదు, తడిరెట్ట నేను చూశాను. ఇప్పుడవే బోనులు ఎదురు ఫారానికి వస్తున్నాయి. ముందు ఆ వ్యాను ఆపించండి."

భర్త ఫోను చెవి దగ్గరే పెట్టుకుని కొయ్యబారిపోయాడు. దానికి బుర్ర పనిచెయ్యడం లేదండీ, కోళ్ళు పోయిన బాధలో ఏదేదో అంటోంది అన్నాడు. నువ్వు లోపలికి నడు అన్నాడు. ఆమె నడవలేదు. డాక్టరమ్మ ఆయన వైపు చూడనైనా చూడకుండా, ఆయన కాళ్ళు ముంచే లోపలికి వెళ్ళారా అమ్మా, తొట్టి ఉందిగా అని ఆమెనే అడిగింది. వ్యాను నంబరు కూడా అడిగింది. ఆమె నంబరు చెప్పింది. చెక్క సంగతి చెప్పింది. వెయ్యమన్నది ఎవరో చెప్పింది, వేసింది తనేనని చెప్పింది, తుడిచిన సంగతి కూడా దాచలేదు. చెబుతున్నంతసేపూ చెవులు కాలిపోతున్నాయి, తల ఎత్తలేకపోయింది, అయినా మాట మాత్రం ఆగలేదు. డాక్టరమ్మ అక్కడే నిలబడి ఫోను తీసి, ఎవరికో వ్యాను నంబరు చెబుతోంది.

అత్తగారు కుర్చీలోంచి లేచి నిలబడింది. అంతమంది పరాయివాళ్ళ ముందు, ఇంటి పెద్దకొడుకుని, కోడలు. 

"బావగారి పేరు బయటపెట్టడానికి నీకు సిగ్గుగా లేదటే?"

"సిగ్గుగానే ఉందత్తయ్యా," అంది ఆమె. "చచ్చిపోయేంత సిగ్గుగా ఉంది. అందుకే చెబుతున్నాను."